మరి మూడోది ఎందుకు రాలేదమ్మా?

పోయిన నెల మా అమ్మాయి స్కూల్లో తల్లిదండ్రులకీ పిల్లలకీ కలిపి ఒక సెషన్ పెట్టారు. వ్యక్తిత్వ వికాసం మీద మాట్లాడే ఒకాయన వచ్చారు. మంచి గొంతు, చేతిలో రిమోట్, వెనక పెద్ద స్క్రీన్. ఏడో స్లైడో ఎనిమిదో స్లైడో, టోపీ పెట్టుకుని గోల్ఫ్ ఆడుతున్న ఒకావిడ ఫొటో వచ్చింది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నదాన్ని తలెత్తాను. అన్నికా సోరెన్‌స్టామ్!

ఆయన చెప్పిన కథ ఇది. స్వీడన్‌లో ఒక అమ్మాయి ఉండేదండీ, గోల్ఫ్ బ్రహ్మాండంగా ఆడేది. కానీ గెలిస్తే స్టేజీ ఎక్కి మాట్లాడాలి. మైకంటే చచ్చేంత భయం. అందుకని చివర్లో కావాలని తప్పు కొట్టి రెండో స్థానంలో ఉండిపోయేది. ఒకరోజు ఆ భయాన్ని జయించింది. ఆ తర్వాత ప్రపంచాన్నే జయించింది. చప్పట్లు. తర్వాతి స్లైడ్‌లో వేసవి స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్ తేదీలు, ఫీజు.

కథ అబద్ధమేం కాదు. అన్నికా తనే చాలాసార్లు నవ్వుతూ చెప్పుకున్నది. కాకపోతే మధ్యలో ఒక ముక్క కత్తిరించేశారు. నా దృష్టిలో అసలు సంగతంతా ఆ ముక్కలోనే ఉంది. ఆ రోజు ఇంటికి వచ్చాక కూడా నా చిరాకు తగ్గలేదు, అందుకే ఈ పోస్టు.

ఆ "ఒకరోజు" జరిగింది ఇదీ. గోల్ఫ్‌లో ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్ళదే గెలుపు. గుంత దగ్గరికొచ్చాక బంతిని మెల్లగా దొర్లించి లోపలికి వేసే దెబ్బని పుట్ అంటారు. ఈ పిల్ల ఆఖరి హోల్లో రెండు పుట్లతో అయిపోవాల్సినదాన్ని మూడు చేస్తోందని కోచ్‌లు కనిపెట్టారు. పిలిచి ధైర్యం చెప్పలేదు, క్లాసు పీకలేదు. తర్వాతి పోటీలో గెలిచినవాళ్ళూ మాట్లాడాలి, రెండో స్థానంలో వచ్చినవాళ్ళూ మాట్లాడాలి అని పెట్టారు. అంతే. ఎలాగూ మైకు తప్పనప్పుడు గెలిచే మాట్లాడదాం అనుకుంది అమ్మాయి. దీన్ని భయాన్ని జయించడం అని ఎలా అంటాం? భయం ఉన్నచోటే ఉంది. ఓడిపోతే దొరికే లాభం పోయింది.

కార్లో వస్తూ మా అమ్మాయికి ఈ ముక్క చెప్పాను. ఎనిమిదో తరగతి చదువుతోంది, చెస్ బాగా ఆడుతుంది, నలుగురిలో నోరు పెగలదు. ప్రతి ప్రోగ్రెస్ రిపోర్టులోనూ అదే మాట రాసి పంపిస్తారు. మియాపూర్ సిగ్నల్ దగ్గర ఆగాం. కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"మరి మూడోది ఎందుకు రాలేదమ్మా?"

సిగ్నల్ పడింది, వెనక హారన్లు మొదలయ్యాయి, నా దగ్గర జవాబు లేదు.

కావాలని రెండోది రావడం

రెండు మూడు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే కదా. మొదటి ఇద్దరికే మైకు అయితే మూడో స్థానం హాయిగా ఖాళీగా ఉంది. భయం అంత పెద్దదైతే ఇంకో దెబ్బ ఎక్కువ కొట్టి అక్కడ కూర్చోవచ్చు.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. కావాలని రెండోది రావడం మాటలు కాదు. మనం ఎన్ని కొట్టామో, పక్కవాళ్ళు ఎన్ని కొట్టారో, వెనక వస్తున్నవాళ్ళు ఎక్కడున్నారో తెలియాలి. ఆఖరి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఎన్ని పుట్లు కొడితే గెలుస్తామో, ఎన్ని కొడితే సరిగ్గా ఒక్క మెట్టు కిందికి దిగుతామో లెక్క కట్టాలి. పైగా ఎవరికీ అనుమానం రాకుండా ఆ పుట్ మిస్ చెయ్యాలి. ఇదంతా చేస్తున్నది టీనేజీ పిల్ల. గెలవడానికి ఎంత లెక్క కావాలో, ఇలా ఓడిపోవడానికీ అంతే కావాలి.

ఆ లెక్క ఆమెను చివరిదాకా వదల్లేదు. నాన్న ఐబీఎమ్‌లో పనిచేసేవారు. ఆడిన రౌండ్ల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించుకునే అలవాటు ఆమెది. స్టాక్‌హోమ్ దగ్గర బ్రో అనే ఊళ్ళో టెన్నిస్, స్కీయింగ్ చేసుకుంటూ పెరిగి, పన్నెండేళ్ళకు గోల్ఫ్ మొదలుపెట్టింది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే సెట్టు. బేసి నంబర్ల క్లబ్బులు అన్నికావి, సరి నంబర్లవి చెల్లెలు షార్లొటావి. మన ఇళ్ళలో ఒకే జామెట్రీ బాక్సుతో ఇద్దరు పిల్లలు పదో తరగతి గట్టెక్కినట్టన్నమాట.

స్వీడన్ జాతీయ జట్టు కోచ్ పియా నీల్సన్ ఒక ప్రశ్న వేసేవారు. పద్దెనిమిది హోల్స్‌లోనూ బర్డీ ఎందుకు చేయకూడదు? ఒక్కో హోల్‌కి ఇన్ని దెబ్బలని పెట్టిన లెక్క పార్, అంతకంటే ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ. పార్ 72 ఉన్న కోర్సులో అన్నిట్లో ఒక్కో దెబ్బ తగ్గించుకుంటూ పోతే 54 వస్తుంది. వినడానికి పిచ్చిగా ఉంటుంది. కానీ లెక్కల మనిషికి ఇలాంటి పిచ్చి బాగా పడుతుంది. 2001 మార్చి 16న ఫీనిక్స్‌లోని మూన్ వ్యాలీ కోర్సులో అన్నికా మొదటి ఎనిమిది హోల్స్‌లో వరసగా ఎనిమిది బర్డీలు చేసింది. ఒక పార్, మళ్ళీ నాలుగు బర్డీలు. పదమూడు హోల్స్ అయ్యేసరికి పార్‌కు 12 తక్కువ. ఆపైన ఒక బర్డీ, మిగతావన్నీ పార్లు. మొత్తం 59. మహిళల ప్రొఫెషనల్ టూర్ అయిన ఎల్‌పీజీఏలో అంతకుముందు 60 కిందికి వెళ్ళిన మహిళ లేదు. ఆ రోజు అదే గ్రూపులో పక్కన నడుస్తున్నది ఎవరనుకున్నారు? సరి నంబర్ల చెల్లెలు.

మా అమ్మాయి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఒక్క పుట్ వదులుకోగలిగింది, రెండు వదులుకోలేకపోయింది. భయానికి కప్పం కట్టడానికి ఎవరికైనా ఒక హద్దు ఉంటుంది. రెండో స్థానం ఆ హద్దుకి ఇవతల ఉంది, మూడోది అవతల. ఆ హద్దు ఎక్కడుందో కోచ్‌లకు ఎలా తెలిసిందోగానీ, సరిగ్గా అక్కడ గీత గీశారు.

ఇక్కడ నా వాదనకే ఒక చిల్లు ఉంది, నాకు తెలుసు. ఇంకో పిల్లయితే మూడోది వచ్చేది. ముగ్గురినీ మాట్లాడమంటే నాలుగోది. తర్వాత ఆటే మానేసేది. అలా మానేసినవాళ్ళ ఫొటోలు ఏ స్లైడ్ మీదికీ ఎక్కవు కాబట్టి ఆ కోచ్‌ల ఉపాయం మనకు గొప్పగా కనిపిస్తోంది. నా స్నేహితురాలు ఒకామె టీచరు. ఆమెకీ కథ చెబితే "ఇది ఉపాయం కాదే, జూదం" అంది. కాదనలేకపోయాను. కాకపోతే ఆ జూదం ఆడేముందు వాళ్ళు ఒకటి చూసి ఉంటారనుకుంటాను. ఈ పిల్లకు ఓడిపోవడం మైకు కంటే ఎక్కువ బాధగా ఉందా లేదా అని. మన దగ్గర ఆ మొదటి భాగం ఎవరూ చూడరు. తిన్నగా మైకు చేతిలో పెడతారు.

ఇర్వింగ్, 2003 మే

నాకీ మనిషి మీద ఆసక్తి పుట్టింది గోల్ఫ్ వల్ల కాదు. అప్పుడు నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. డాట్‌కామ్ కంపెనీలు కూలిపోయి రెండేళ్ళయినా ఉద్యోగాలు ఇంకా కుదుటపడలేదు. ప్రాజెక్టు అయిపోతే బెంచ్, బెంచ్ మీద ఎన్నాళ్ళుంచుతారో తెలియదు. అందరికీ లోపల ఒకటే టెన్షన్.

ఆ మే నెలలో మా ఆఫీసుకి దగ్గర్లోనే బైరన్ నెల్సన్ టోర్నమెంటు జరిగింది. విజయ్ సింగ్ గెలిచాడు. ఫిజీలో పుట్టిన భారత సంతతివాడు కాబట్టి మనవాళ్ళందరికీ మనవాడు. అంతకుముందు పుట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా సోమవారం ఆఫీసులో గోల్ఫ్ గురించే. తర్వాతి వారం పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో కలోనియల్ టోర్నమెంటు. దాంట్లో మగవాళ్ళతో కలిసి అన్నికా ఆడబోతోంది. 1945లో బేబ్ జహారియాస్ తర్వాత మగవాళ్ళ పీజీఏ టూర్‌లో ఒక మహిళ ఆడటం అదే మొదలు. యాభై ఎనిమిదేళ్ళు. ఆవిడకు ఇక్కడేం పని, కట్ తప్పాలనే కోరుకుంటున్నాను అన్నాడు విజయ్ సింగ్. తర్వాత తన మాటల్ని కొంచెం మెత్తబరిచాడు, చివరికి ఆ వారం ఆడనే లేదు.

మా ఆఫీసులో అయిదేసి డాలర్ల పందాలు. నాలుగు రోజుల టోర్నమెంటులో రెండో రోజు తర్వాత సగానికి సగం మందిని ఇంటికి పంపేస్తారు కదా, ఆ కట్ దాటుతుందా దాటదా అని. మా టీమ్‌లో పెద్దాయన ఒకాయన, గుంటూరు వైపువారు, నాతో అన్నారు, "ఏమ్మా, నిరుడు వాళ్ళ టూర్‌లో పదకొండు గెలిచింది. మహారాణిలా ఉండక ఈవిడకెందుకీ పంతం?" ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగారు.

గురువారం పొద్దున బ్రేక్‌రూమ్ టీవీ చుట్టూ జనం. ఆమె పదో టీ (హోల్ మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర మొదలుపెట్టింది. తీసింది అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ కాదు, దానికంటే చిన్న క్లబ్బు ఫోర్‌వుడ్. బంతి తిన్నగా ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా గడ్డి కత్తిరించి ఉంచే దారి) మధ్యలో పడింది. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి, కాళ్ళలో సత్తువ లేనట్టు మోకాళ్ళు వణికిస్తూ, పడిపోతున్నట్టు నాలుగడుగులు వేసి నవ్వింది. బ్రేక్‌రూమంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మోకాళ్ళు నాకు తెలుసు.

ఎందుకు తెలుసంటే, అదే రోజు మధ్యాహ్నం రెండింటికి క్లయింటు ముందు నా మాడ్యూల్ డెమో. నాలుగు నెలలు రాసిన కోడ్. దాంట్లో ప్రతి లైను నాది. ముందురోజు రాత్రే గొంతు పట్టేసిందని మేనేజరుకు మెయిల్ పెట్టేశాను. గొంతు బాగానే ఉంది. నా బదులు పక్క సీటతను డెమో ఇచ్చాడు, బాగా ఇచ్చాడు. మధ్యలో రెండుసార్లు నా పేరు కూడా చెప్పాడు. పాపం అతని తప్పేం లేదు. జూలైలో అతనికి ఎక్స్‌టెన్షన్ వచ్చింది, నేను బెంచ్ మీదికి వచ్చాను. మూడు పుట్లు ఎలా కొడతారో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆమె మొదటి రోజు స్కోరు 71. కోర్సు పార్ 70. నాకు గుర్తుండిపోయిన అంకెలు వేరే ఉన్నాయి. పద్నాలుగు ఫెయిర్‌వేల్లో పదమూడు, పద్దెనిమిది గ్రీన్‌లలో పద్నాలుగు సరిగ్గా కొట్టింది. మగవాళ్ళ కోర్సు పొడవు ఆమెకు సరిపోదన్నవాళ్ళ నోరు అక్కడే మూతపడాలి. అంత బాగా కొట్టి కూడా బర్డీ ఒక్కటే. అదీ పదమూడో హోల్లో, గ్రీన్ అంచు బయటనుంచి వేసినది. పుట్లు 33. అంటే ఆమెకు తగ్గింది బలం కాదు. వేలమంది చూస్తుంటే గ్రీన్ మీద చెయ్యి బిగుసుకుంది. చిన్నప్పుడు కావాలని జారవిడిచిన పుట్లు ఇప్పుడు కావాలన్నా పడలేదు. శుక్రవారం 74. రెండు రోజులకు కలిపి పార్‌కు అయిదు ఎక్కువ. కట్ నాలుగు దెబ్బల్లో పోయింది. పద్దెనిమిదో గ్రీన్ మీద బంతిని జనంలోకి విసిరి కళ్ళు తుడుచుకుంది. ఇది ఒక్కసారికే, నా టూర్‌కి నేను వెళ్ళిపోతున్నాను అని చెప్పింది. వెళ్ళింది. మరుసటి వారం ఇలినాయిలో గెలిచింది, ఆ పై వారం ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆగస్టులో మహిళల బ్రిటిష్ ఓపెన్ కూడా గెలవడంతో కెరీర్ గ్రాండ్‌స్లామ్ (మేజర్లనే పెద్ద టోర్నమెంట్లన్నీ ఒక్కసారైనా గెలవడం) పూర్తయింది.

"చెప్పానా" అని పెద్దాయన అయిదు డాలర్లు వసూలు చేసుకున్నారు. ఆయన ప్రశ్నకి మాత్రం నేను అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే ఇలా అంటాను. పంతం కాదండీ, ఆవిడకొక అంకె కావాలి. తను ఎంత ఆడగలదో కొలుచుకోవడానికి సొంత టూర్‌లో స్కేలు చిన్నదైపోయింది.

అంకే కావాలనుకుంటే ఏదో సోమవారం ఎవరూ లేనప్పుడు అదే కోర్సులో ఆడుకోవచ్చుగా, వందలమంది విలేకర్ల మధ్య ఎందుకు అని మీరడగవచ్చు. మైకంటే పారిపోయిన పిల్ల కథకూ దీనికీ పొంతన కుదరదు. దీని గురించి చాలా ఆలోచించాను. జనం లేకుండా కొట్టిన 71 వేరు, ఆ గురువారం కొట్టిన 71 వేరు. ఆ తేడా ఆమెకు మనకంటే బాగా తెలుసు. చూసేవాళ్ళ బరువు కూడా ఆ కొలతలో భాగమే. ఆ బరువు అలవాటైపోయి మాత్రం కాదు. మోకాళ్ళు వణికించి చూపించింది ఎందుకు మరి? వణుకు దాచుకోలేక, దాన్నే ఆటపట్టించింది.

అలవాటు కాలేదనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. 2000లో స్కాట్లండ్‌లోని లాక్ లోమండ్‌లో సోల్‌హైమ్ కప్ జరిగింది, యూరప్, అమెరికా మహిళల జట్లకి. అన్నికా గ్రీన్ బయటనుంచి చిప్ చేసిన బంతి తిన్నగా హోల్లో పడింది. ఎగిరి గంతేసింది. అప్పుడు అమెరికా జట్టు, ఆమె వంతు రాకముందే కొట్టింది, మళ్ళీ కొట్టాలి అంది. రూల్ ప్రకారం వాళ్ళకా హక్కు ఉంది. మళ్ళీ కొట్టింది, పడలేదు. అందరి ముందూ ఏడ్చేసింది. అప్పటికే రెండు యూఎస్ ఓపెన్‌లు గెలిచిన, ముప్ఫైకి దగ్గరపడ్డ మనిషి. చివరికి కప్పు యూరప్‌కే వచ్చిందిలెండి.

ఇదంతా చూస్తే నాకు అనిపించేది ఒక్కటే. ఎల్‌పీజీఏలో 72 విజయాలు, పది మేజర్లు. గెలిచిన ప్రతిసారీ మాట్లాడింది. ఆ మాట్లాడటం ఆమె ఆటకు కట్టిన పన్ను. పన్ను కట్టడం ఇష్టమయ్యాకే జీతం తీసుకుంటానని ఎవరూ కూర్చోరు కదా. ముందు బాగుచేసుకో, తర్వాత గెలువు అని చెప్పే ఆ స్లైడ్ మీద నా కోపం అందుకే. ఆ వరస తలకిందులు. మా అమ్మాయిలాంటి పిల్లలకు దాంట్లోంచి వినిపించేది ఏమిటంటే, నీలో ఏదో లోపం ఉంది, అది పోయేదాకా నువ్వు సగం మనిషివి అని.

నోరు మెదపని రోజు

ఇక్కడితో ఆపేస్తే నేను కూడా ఆ స్లైడు వేసినాయనలాగే నాకు అనువైనంత కథే చెప్పినదాన్ని అవుతాను.

2021 జనవరి 6న వాషింగ్టన్‌లో కాపిటల్ మీద దాడి జరిగింది. మర్నాడే అన్నికా వైట్‌హౌస్‌కి వెళ్ళి ట్రంప్ చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ తీసుకుంది. గోల్ఫర్ గ్యారీ ప్లేయర్ కూడా అదే రోజు తీసుకున్నారు. ఆ పతకం అంతకుముందే ఖాయమైంది, కొవిడ్ వల్ల వాయిదా పడింది. నిజమే. అయినా ఆ రోజు వెళ్ళకుండా ఉండాల్సిందని చాలామంది రాశారు. నాకూ అలాగే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అమెరికాలో పదేళ్ళు బతికిన నాకు ఆ రాత్రి టీవీలో చూసిన దృశ్యాలు మామూలువి కావు. ప్రతి దెబ్బనూ లెక్కపెట్టే మనిషి, ఆ ఒక్క రోజు లెక్క ఎలా తప్పింది?

ఇలాంటప్పుడు నా అభిమానం ఏదో సర్దుబాటు వెతుక్కుంటుంది. మాట్లాడని మనిషి కదా, గొడవల జోలికి పోదు కదా, అని. ఆ సర్దుబాటు నాకే నచ్చదు. బిడియం లోపం కాదని ఇంతసేపూ వాదించాను కాబట్టి ఇదీ చెప్పాలి. అది గుణం కూడా కాదు. ఆఫీసులో ఒకసారి నా పక్కనున్న అమ్మాయిని అందరి ముందూ అన్యాయంగా అంటుంటే, నాకు తెలిసిన నిజం నా నోట్లోంచి రాలేదు. అప్పుడు కూడా అందరూ "తను నెమ్మదస్తురాలు" అనే అన్నారు. ఆ అమ్మాయి మాత్రం అనలేదు.

ఆటలో మాత్రం అన్నికా లెక్క తప్పినట్టు నాకు కనిపించదు. 2008 మేలో కింగ్స్‌మిల్‌లో గెలిచింది, అది 72వది. రెండు రోజుల తర్వాత ఈ ఏడాదితో ఆపేస్తున్నానని ప్రకటించింది. ఆ ఏడాది అప్పటికే మూడు గెలిచి ఉంది, వయసు ముప్ఫై ఏడు. మన దగ్గరైతే ఇంట్లోవాళ్ళే ఒప్పుకునేవారు కాదు. పదమూడేళ్ళ తర్వాత, 2021లో, తిరిగొచ్చి యూఎస్ సీనియర్ విమెన్స్ ఓపెన్ ఆడింది. ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచింది. మళ్ళీ మైకు, మళ్ళీ పన్ను.

పోయిన శనివారం పేరెంట్-టీచర్ మీటింగు. వచ్చే నెల చెస్ పోటీలున్నాయని, గెలిచినవాళ్ళు యాన్యువల్ డే రోజు స్టేజీ మీద రెండు నిమిషాలు మాట్లాడాలని క్లాస్ టీచరు చెప్పారు. మా అమ్మాయి నా వెనక నిలబడి చున్నీ అంచు మడతపెడుతోంది.

"రెండోది వచ్చినవాళ్ళు కూడా మాట్లాడాలని పెట్టండి మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వి, "ఎందుకండీ?" అన్నారు. వీలైతే మూడోది కూడా, అన్నాను. ఆవిడ డైరీ తెరిచి కార్యక్రమాల వరస ఒకసారి చూసుకున్నారు.

"టైమ్ సరిపోదండీ. చీఫ్ గెస్ట్ గారు మాట్లాడాలి కదా."